మైల వల్ల కాదు

తొమ్మిదేళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను తిరుపతిలో పరిశోధన విద్యార్థిని. మల్బరీ తోటలో చీడకు ఆకుల కషాయం కొడితే, ఆ మల్బరీ ఆకు తిన్న పట్టుపురుగులకు ఏమైనా అవుతుందా అని చూడటం నా పని. ఉమ్మెత్తాకు కషాయం కొట్టిన మూడు రోజులకు ఆకు కోసి నాలుగు తట్టల్లో పురుగులకు వేశాను. ఒక తట్టలో పురుగులు పచ్చగా కక్కి ముడుచుకుపోయాయి. మళ్లీ చేసి చూడాలి. చూడలేదు. మా సారుకు ఆ వారమే ఫలితాలు కావాలి. ఆ తట్టకు ముందే రోగం ఉందని రాసి పక్కన పెట్టేశాను. నిజంగా అలా నమ్మానా, నమ్మితే బాగుండుననుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

పలమనేరు దగ్గర రెడ్డెమ్మ అనే రైతు తన తోటలో ఆ కషాయం వాడి చూడటానికి ఒప్పుకుంది. మూడు రోజులు ఆగి ఆకు వేస్తే చాలన్నాను. అలాగే ఆగింది. పురుగులు గూళ్లు కట్టే ముందు కబురొచ్చింది. వెళ్లేసరికి షెడ్డంతా అదే పచ్చటి కక్కు. చూడగానే గుర్తుపట్టాను. నేను నోరు తెరిచేలోపే రెడ్డెమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"తప్పు నాదే మా. బయటుండి గూడా లోపలికి పోయి ఆకేసినాను. మా ఆయన ఊర్లో లేడు, ఇంగెవురూ లేకపాయిరి. ఆ మైలకే పోయినాయి. మా అత్తకి సెప్పొద్దు మా."

"ఇకమీదట జాగ్రత్తగా ఉండమ్మా" అన్నాను.

నెలనెలా ఆ రోజుల్లోనూ ప్రయోగశాలలో పురుగులకు మేత వేసినదాన్ని, మైలకు ఏ పురుగూ చావదని తెలిసినదాన్ని, ఆ మాట ఎలా అనగలిగాను? తర్వాత ఏదో వంక చెప్పి ఆ కషాయాన్ని ఇంకెవరికీ ఇవ్వకుండా ఆపించాను. దాంతో తీరిపోయిందనుకున్నాను.

నిరుడు, నిజం చెప్పేద్దామనే వెళ్లాను. రెడ్డెమ్మ కూతురు షెడ్డు బయట ఒంటరిగా కూర్చుని ఉంది. లోపలికి రాదేం అని అడిగాను.

"మూడు దినాలు రాకూడదు గదా మా. మీరే జాగ్రత్త సెప్తిరి" అంది రెడ్డెమ్మ.

కాఫీ తాగి వచ్చేశాను.

ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. దీన్ని క్షమాపణ అనుకోవద్దు. రెడ్డెమ్మ పురుగులు మైల వల్ల చావలేదు. నా కషాయం వల్ల చచ్చాయి. చస్తాయని ముందే అనుమానం ఉంది నాకు. ఈ మాటలు ఒకచోట రాయడం ఇదే మొదటిసారి. ఊపిరి కాస్త ఆడుతోంది.