మూడు పక్కన సున్నా

టెల్‌ఫోర్డ్ కౌంటీ షెరీఫ్ ఆఫీసులో లైంగిక నేరస్థుల నమోదు పని చూసేది ఆర్లిస్ బ్రెకెన్. పదకొండేళ్ళుగా అదే కిటికీ, అదే కుర్చీ. ఎక్కడైనా అక్షరం తప్పు పడితే ఆమెకు పంటి కింద రాయి పడ్డట్టు ఉండేది. చర్చిలో ఆదివారం పంచే కాగితాన్ని ఎర్ర సిరాతో దిద్ది పాస్టర్ చేతికి తిరిగిచ్చేది. ఆయన పాపం థాంక్స్ చెప్పి జేబులో పెట్టుకునేవాడు. ఇప్పుడైతే ఈ మాట ఆమే చెప్పుకుని నవ్వుతుంది. దేవుడి కాగితాలు తాను ఒక్కతే దిద్దేసింది గానీ, తన కాగితం దిద్దడానికి షెరీఫూ ప్రాసిక్యూటరూ జడ్జీ, ముగ్గురు కావలసి వచ్చారట.

ఆ ఏడాది మే నెలలో రాష్ట్రం చట్టం మార్చింది. అంతకుముందు, శిక్ష ముగిసి బయటికొచ్చి ఈ జాబితాలో ఉన్నవాళ్ళు ఏడాదికోసారి వచ్చి, ఇరవై డాలర్లు కట్టి, ఫొటో దిగి, వేలిముద్రలు వేసి పోయేవారు. ఇల్లు మారితే పది రోజుల్లో చెబితే సరిపోయేది. జులై ఒకటి నుంచి ఏడాదికి నాలుగుసార్లు రావాలి, వచ్చినప్పుడల్లా పాతిక కట్టాలి. చేతిలో డబ్బు లేకపోతే ఫీజుకు ముప్ఫై రోజుల గడువుంది. ఇల్లు, ఉద్యోగం, బండి, వీటిలో ఏది మారినా మాత్రం మూడు పనిదినాల్లో వచ్చి చెప్పాలి. చెప్పకపోతే అది చిన్న తప్పు కాదు, మళ్ళీ జైలే.

ఈ సంగతి జాబితాలోని నలభై ముగ్గురికీ ఉత్తరం ద్వారా తెలపాలన్నాడు షెరీఫ్ రస్ హాగెన్. ప్రాసిక్యూటర్ ఆఫీసు వాళ్ళు తామే రాసి పంపుతామన్నారు. ఆర్లిస్ ఒప్పుకోలేదు. లాయర్లు రాసింది లాయర్లకు తప్ప అర్థం కాదనీ, మామూలు మనిషికి తెలిసేలా తానే రాస్తాననీ పట్టుబట్టింది. రెండు రోజులు కూర్చుని రాసింది. నాలుగుసార్లు చదువుకుంది. కామా ఒకటి తీసింది, మళ్ళీ పెట్టింది. షెరీఫ్ కాఫీ తాగుతూ కింద సంతకం గీకేశాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మొగుడు డెల్మర్‌తో, ఈ కౌంటీలో ఇంత తేటగా రాసిన ఉత్తరం ఇంకొకటి లేదని చెప్పుకుంది కూడా. డెల్మర్ బీట్ దుంపలు పండించే రైతు. వానల గురించి తప్ప దేని గురించీ పెద్దగా మాట్లాడడు. "ఊఁ" అన్నాడు.

ఆగస్టులో డ్వైట్ కుంకెల్ పట్టుబడ్డాడు.

డ్వైట్ టైర్ల షాపులో పనిచేస్తాడు. ఇర్మా టోలెఫ్‌సన్ కూతురికి చిన్నతనంలో అతను చేసిన ద్రోహానికి ఎనిమిదేళ్ళు జైల్లో ఉండి వచ్చాడు. ఇర్మా ఎవరో కాదు, చర్చిలో ఆర్లిస్ పక్కన, అదే బల్ల మీద, ఇరవై ఏళ్ళుగా కూర్చునే మనిషి. ఆ పిల్ల ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉంటోంది, ఈ ఊరికి రాదు. ఫైల్లో ఏముందో ఆర్లిస్ చదివింది. అందుకే డ్వైట్ కిటికీ ముందు నిలబడితే తలెత్తి చూసేది కాదు. కాగితం తోసేది, పెన్ను తోసేది, కెమెరా వైపు వేలు చూపించేది.

అతను ఉండే చక్రాల ఇల్లు, అదే ట్రైలర్, నిలిపిన స్థలాన్ని యజమాని అమ్మేశాడు. జాబితాలో ఉన్నవాడికి ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? హైవే పక్క మోటెల్లో వెనకగదిలోకి మారాడు. ఆరో పనిదినాన షెరీఫ్ కింద పనిచేసే డిప్యూటీ తనిఖీకి వెళ్తే ట్రైలర్ ఖాళీగా ఉంది. షాపుకెళ్ళి, లారీ టైరు విప్పుతున్నవాణ్ణి విప్పుతున్నట్టే తీసుకొచ్చారు.

బేడీలతో ఆఫీసు నడవాలో నడుస్తూ డ్వైట్ ఒకటే మాట అన్నాడు. ఉత్తరంలో ముప్ఫై రోజులని ఉంది, ఇంకా టైముందనుకున్నాను, అని. ఆ ఉత్తరం ఏదని అడిగితే ఇల్లు మారడంలో పోయిందన్నాడు. డిప్యూటీ నవ్వాడు. అందరూ చెప్పే మాటే అది.

ఆర్లిస్‌కి మాత్రం నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. తన ఉత్తరాన్ని అంటాడా! "ఉండండి, కాపీ నా బీరువాలో ఉంది. తెచ్చి మొహాన పెడతాను," అని లేచింది. పదకొండేళ్ళలో ఆ నడవాలో ఆమె అంత హుషారుగా నడిచింది లేదు. బీరువా తీసింది. ఫైలు తీసింది. నిలబడే చదివింది.

ఇల్లు, ఉద్యోగం, బండి మారినచో 30 పనిదినాలలోగా తెలుపవలెను.

మళ్ళీ చదివింది. మూడు పక్కన సున్నా ఎక్కడికీ పోలేదు. ఫీజు గడువు రాసిన వాక్యాన్ని కాపీ చేసి కింద పెట్టి, మాటలన్నీ మార్చి, అంకె మార్చడం మరిచిపోయింది. నాలుగుసార్లు చదివిన మనిషి, కామా కోసం అరగంట తన్నుకులాడిన మనిషి. గుర్రాన్ని వదిలేసి జీను దిద్దుకుంటూ కూర్చుందన్నమాట.

ఫైలు మూసింది. బయటికొచ్చి, కాపీ వెంటనే దొరకలేదు, రేపు చూస్తానంది. ఆ అబద్ధంలో మాత్రం అక్షరదోషం ఒక్కటీ లేదు.

ఇంటికి వెళ్ళే దారంతా తనకు తానే లాయరైంది. ఉత్తరం చట్టం కాదు కదా. అయినా ఎవరి కోసం? ఇర్మా పక్కన కూర్చుని ఎన్ని ఆదివారాలు ఆ పిల్ల కోసం ప్రార్థన చేసింది తాను? వాడు ఇంకో రెండేళ్ళు లోపలుంటే లోకానికేం నష్టం? ఇంత చక్కగా వాదించుకుని, వాకిట్లో బండి ఆపేసరికి కేసు ఓడిపోయింది. వాడు చేసినదానికి వాడు జైలుకు పోయొచ్చాడు. ఇది తాను చేసింది.

రాత్రి భోజనంలో ఓవెన్లో వండిన హాట్‌డిష్ వడ్డిస్తూ డెల్మర్‌కి చెప్పింది. అతను నమిలి మింగేదాకా ఆగింది.

"నువ్వు చెప్పకపోతే ఎవరికైనా తెలుస్తుందా?" అన్నాడతను.

"తెలీదు. మిగతా నలభై ఇద్దరి దగ్గరా ఉత్తరాలున్నాయి గానీ, వాళ్ళు నోరు విప్పరు."

"నీకు తెలుసుగా. ఇంక నన్ను నిద్రపోనివ్వవు. పొద్దున్నే చెప్పెయ్."

పొద్దున్నే షెరీఫ్ బల్ల మీద ఆ కాగితం పెట్టింది. రస్ చదివాడు. అంకె దగ్గర ఆగాడు, తర్వాత కిందకి చూశాడు. కింద ఉన్నది తన సంతకం. ఆయన మొహంలో రంగులు మారడం చూసి, ఈ ఊబిలో తానొక్కతే లేదని ఆర్లిస్‌కి ఒక్క క్షణం సిగ్గులేని సంతోషం కలిగింది.

"ఇది ఎవరైనా చూశారా?"

"మీరు చూశారు. సంతకం పెట్టారు కదా."

రస్ లేచి తలుపు మూశాడు. ఆమె కంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు, వచ్చే ఏడాది మళ్ళీ షెరీఫ్ పదవికి ఎన్నికల్లో నిలబడాల్సినవాడు. ఫైల్లో పెట్టేయమంటాడేమో, తాను సరేనంటుందేమో అని భయపడింది ఆర్లిస్. చివరికి అతను టోపీ తీసుకుని, పదండి, ప్రాసిక్యూటర్ దగ్గరికి పోదాం, ఇద్దరం కలిసే చీవాట్లు తిందాం అన్నాడు.

ప్రాసిక్యూటర్ చీవాట్లు పెట్టలేదు. అంతకంటే ఘోరంగా, మర్యాదగా మాట్లాడింది. ఉత్తరం తప్పయినంత మాత్రాన చట్టం మారదనీ, అయితే కోర్టుకు ఇది చెప్పక తప్పదనీ, ఆర్లిస్ వచ్చి సాక్ష్యం ఇవ్వాలనీ అంది. వెళ్ళేటప్పుడు, మేం రాసిస్తామన్నాం కదా అని మాత్రం అనలేదు. ఆ అనకపోవడం ఆర్లిస్ చెవుల్లో రోజంతా మోగింది.

ముందు ఇంకో పని ఉంది. మిగతా నలభై ఇద్దరిలో ఎవరైనా ఆ సున్నాను నమ్ముకుని కూర్చుంటే? కొత్త ఉత్తరం చేరేలోగా మరొకడు ఇరుక్కోవచ్చు. రెండు రోజులు ఫోను పట్టుకుంది. నేను రాసింది తప్పు, ముప్ఫై కాదు, మూడు, అని నలభై రెండుసార్లు చెప్పింది. కొందరు మాట్లాడకుండా పెట్టేశారు. ఒకడు బూతులు తిట్టాడు. ఒక ముసలాయన మాత్రం, పోన్లెండమ్మా, నేను ఈ గది వదిలి ఎక్కడికీ పోయేది లేదు, అని ఆమెనే ఓదార్చాడు. ఆయన చేత ఓదార్పు పొందాల్సిన గతి పట్టిందా అనుకుంటూనే, ఓదార్పు పొందింది.

కోర్టులో విచారణ నాడు వెనక వరసలో ఇర్మా ఉంది. ఆర్లిస్ ఆమెను చూసి, చూడనట్టు ముందుకు నడిచింది. డ్వైట్ నారింజ బట్టల్లో తల దించుకుని ఉన్నాడు. అప్పటికి తొమ్మిది రోజులు జైల్లో అయ్యాయి. ఆర్లిస్‌ని ఉత్తరంలోని ఆ వాక్యం పైకి చదవమన్నారు. చదివింది. గొంతు చర్చిలో బైబిలు చదివినట్టు స్పష్టంగా వచ్చింది. అలవాటు ఎక్కడికి పోతుంది?

జడ్జి కళ్ళజోడు మీదుగా చూసింది. "మీ ఆఫీసులో ఉత్తరాలు పంపే ముందు తప్పులు ఎవరు చూస్తారు?"

"నేనేనండీ."

"మీరు రాసింది కూడా మీరేనా చూసేది?"

"అవునండీ. తప్పులు పట్టడంలో నాకు పేరుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జి నవ్వలేదు, కానీ రాసుకోవడానికి అవసరమైన దానికంటే ఎక్కువ సేపు తల దించింది. ప్రభుత్వమే ముప్ఫై రోజులని రాసిచ్చి మూడు రోజులకు శిక్షించడం కుదరదని చెప్పి కేసు కొట్టేసింది. కొత్త చిరునామా ఆ రోజే నమోదు చేసుకోవాలని డ్వైట్‌కి గట్టిగా చెప్పింది.

బయట మెట్ల దగ్గర ఇర్మా ఎదురుచూస్తోంది. ఆర్లిస్ క్షమించమనబోయింది. ఇర్మా చెయ్యెత్తి ఆపింది.

"నేనైతే చెప్పేదాన్ని కాదు," అంది. "ఆ కాగితం పొయ్యిలో పెట్టి హాయిగా పడుకునేదాన్ని. నువ్వు చేసింది తప్పని అనను. కొన్నాళ్ళు నా పక్కన కూర్చోకు, అంతే."

ఆర్లిస్ సరేనంది. అంతకంటే ఏమనగలదు? ఆ ఆదివారం చర్చిలో మూడు వరసలు వెనక్కి పోయి, చీదే పిల్లలున్న కుటుంబం పక్కన కూర్చుంది. పంచిన కాగితంలో రెండు తప్పులు కనబడ్డాయి. పెన్ను తియ్యలేదు. పాస్టర్ గుమ్మం దగ్గర ఆమె ఖాళీ చేతులు చూసి, ఒంట్లో బాగుండలేదా అని అడిగాడు.

ఉద్యోగం పోలేదు. కుక్కల లైసెన్సుల కిటికీకి మారుస్తారనుకుంది, ఆ ఆశ కూడా తీరలేదు. రస్ ఆమె జీతం పెంపు ఆ ఏటికి ఆపి, ఇకపై ఏ కాగితమైనా ఇద్దరు చదవాలని నియమం పెట్టాడు. రెండో మనిషి తానే అన్నాడు. ఇప్పుడు సంతకానికి ముందు పెదవులు కదిలిస్తూ చదువుతాడు, ఒక్కో పేజీకి పావుగంట.

అక్టోబరులో తన వంతు వచ్చినప్పుడు డ్వైట్ వచ్చాడు. ఫీజు చేతిలో లేదు, జైల్లో ఉన్న రోజుల జీతం పోయింది. గడువు ఇమ్మని అడిగే ఫారం ఆర్లిస్ తీసిచ్చింది. దాంతోపాటు నియమాల కాగితం కూడా ఇచ్చింది. అతను అందులో వాక్యం వాక్యం కింద వేలు పెట్టి చదివాడు. వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు. ఆమె తొందర పెట్టలేదు.

"ఇది మీరు రాసిందేనా, మేడమ్?" అన్నాడు.

"కాదు. లాయర్లు రాశారు."

డ్వైట్ సంతకం పెట్టాడు. థాంక్స్ చెప్పలేదు. అతను చెబుతాడేమో, చెబితే ఏం చెయ్యాలో అని నెల రోజులుగా బెంగపడుతున్న ఆర్లిస్‌కి పెద్ద బరువు దిగింది. ఫైల్లో ఉన్నది ఆమె మరిచిపోలేదు, మరిచిపోయే ఉద్దేశమూ లేదు. తలెత్తి అతని మొహం చూసి, కెమెరా ముందు కాస్త ఎడమకు జరగమని చెప్పింది. అప్పటికే పన్నెండున్నర, ఆమె భోజనం టైము దాటిపోయింది.