మా మాస్టారి ఓటు

మా మాస్టారు పోయారు. పంచాయతీ ఎన్నికలైన నాలుగైదు రోజులకి, పొద్దున్నే, ఒళ్లో పేపరు ఉండగానే పోయారు. గోడకి ఇవతల ఇల్లే మాది. పిన్నిగారు, అంటే మాస్టారి భార్య, "అమ్మాయ్, ఒకసారి రామ్మా" అన్న తీరులోనే నాకు తెలిసిపోయింది. మిరపకాయల తొడిమలు తీస్తున్నదాన్ని తీస్తున్నట్టే పరిగెత్తాను. ఆ చేతులతోనే కళ్లు తుడుచుకున్నాను కాబోలు, భగ్గున మండాయి. కారం ఘాటుకి ఏడుస్తోంది అనుకున్నారేమో కొందరు. అనుకోనీ.

పర్చూరు దగ్గర పల్లె మాది. ఆయన డిగ్రీ కాలేజీలో మాకు రాజనీతిశాస్త్రం చెప్పారు. అందులో అమెరికా ప్రభుత్వం ఒక పేపరు. బియ్యే పూర్తయ్యాక నా పెళ్లి ఎక్కడ కుదిరిందయ్యా అంటే, సరిగ్గా ఆయన పక్కింట్లో. "పరీక్ష అయిపోయినా పాఠం వదలట్లేదే నిన్ను" అని పెళ్లిపందిట్లోనే నవ్వారు.

ఆయన అమెరికా ఎన్నడూ వెళ్లలేదు. అయినా క్లాసులో చాక్‌పీసు పట్టుకుంటే ఆ దేశం మన ఊరి పక్కనే ఉన్నట్టుండేది. అక్కడి పెద్ద పార్టీలు రెండింటిలో ఒకదానికి గాడిద, ఇంకోదానికి ఏనుగు బొమ్మలు అని చెప్పిన రోజు క్లాసంతా గొల్లుమంది. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "గాడిదకి ఓటెవడేస్తాడు సార్?" అన్నాడు. "వేస్తారయ్యా. వాళ్లు బొమ్మని చూసి కాదు, మనిషిని చూసి వేద్దామని మొదలుపెట్టారు. ఇప్పుడు వాళ్లూ బొమ్మనే చూస్తున్నారు, మనలాగే" అన్నారు.

పార్టీ తరఫున ఎవరు నిలబడాలో కూడా అక్కడ మామూలు జనమే ముందుగా ఓట్లేసి తేలుస్తారని చెప్పినప్పుడు మేమెవరం నమ్మలేదు. "మరి పైనున్న పెద్దాయన ఏం చేస్తాడు సార్, టీవీ చూస్తాడా?" అని అడిగాం. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నవ్వారు. అప్పటికప్పుడు మా క్లాసులోనే అలాంటి ఎన్నిక పెట్టించారు. చీటీలు మడిచి డబ్బాలో వేశాం. వేసి వస్తూనే పక్కదానితో, "నీకే వేశానే" అన్నాను. మాస్టారు విన్నారు. "అమ్మాయ్, చీటీ మడిచింది ఎందుకు మరి?" అన్నారు. కోపంగా కాదు, నిజంగా అడిగినట్టే అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

మా ఊరి సంగతి చెబితేగాని ఆ మాట బరువు తెలియదు. మా ఊళ్లో టీ కొట్లు రెండు. బస్టాండు దగ్గర కొట్టు ఒక పార్టీది, బడి దగ్గర కొట్టు ఇంకో పార్టీది. బోర్డు మీద అలా రాసి ఏమీ ఉండదు. కానీ ఇక్కడ తాగేవాడు అక్కడ తాగడు. కొత్త అల్లుడు తెలియక తప్పు కొట్టులో గ్లాసు పట్టుకుంటే మామగారు పరిగెత్తుకొచ్చి లాక్కెళ్లిన ఊరు మాది. మనిషి ఎక్కడ టీ తాగితే వాడి ఓటు అక్కడే.

మాస్టారు పొద్దున బస్టాండు కొట్టులో తాగేవారు, సాయంత్రం బడి కొట్టులో. వానైనా వరదైనా రెండూ తప్పేవి కావు. రెండు వర్గాలవాళ్లూ "మాస్టారు మనోడే" అనుకునేవాళ్లు. మోకాళ్లు అరిగిపోయి బడి దాకా నడవలేని రోజు వచ్చింది. బస్టాండు నాలుగడుగులే, వెళ్లొచ్చు. కానీ అదీ మానేశారు! "ఒకచోటికి పోయి ఇంకోచోటికి పోకపోతే ఊరు నా ఓటు చదివేస్తుందమ్మాయ్" అన్నారు. అంత టీ పిచ్చి ఉన్న మనిషి, బస్టాండు కొట్టులో పాలు పొంగే వాసన వస్తుంటే వసారాలో కూర్చుని పేపరు తిరగేసేవారు. పిన్నిగారు పెట్టే టీ ఆయనకి నచ్చేది కాదు. ఆ మాట ఆవిడకి చెప్పే ధైర్యమూ లేదు.

మిర్చి ధర పడిపోయిన ఏడాది రైతులు ఒక్కొక్కరే ఆయన దగ్గరికొచ్చి మొత్తుకునేవాళ్లు. ఆయన మళ్లీ అమెరికా ఎత్తుకునేవారు. "పార్టీ కుర్చీ కోసం ఉంటుంది. సంఘం, కుర్చీలో ఉన్నవాడి చెవి కోసం ఉంటుంది. అక్కడ మొక్కజొన్న పండించేవాళ్లకి కూడా సంఘం ఉంది. ఎవడు గెలిచినా పోయి వాడి ఎదురుగా కూర్చుంటారు. మీరేమో మీవాడు గెలిస్తే దండ వేస్తారు, ఓడితే తలుపేసుకుంటారు. ఇంక మీ ధర గురించి అడిగేదెవడు?" అనేవారు. చివరికి రెండు వర్గాల రైతులూ ఆయన వసారాలోనే కలిసి కూర్చున్నారు. మాటలు బాగానే సాగాయి. ఇంతలో ఎవరో "టీ చెప్పండ్రా" అన్నారు. ఏ కొట్టు నుంచి? అందరూ తలలు దించుకున్నారు. లేచి పోబోయినవాళ్లూ ఉన్నారు. మాస్టారు లోపలికి చూసి, "ఏమేవ్, నీ టీయే దిక్కు" అన్నారు. ఆ పూట అందరూ పిన్నిగారి నీళ్లటీ తాగి, ఒకే అర్జీ మీద సంతకాలు పెట్టారు.

నేను కాపరానికొచ్చాక మొదటిసారి ఓటేసి ఇంటికి రాగానే మావారు "మనదానికేగా?" అన్నారు. మావారు ఒక వర్గంలో ముందుండే మనిషి. నా పుట్టిల్లు రెండో వర్గం. నాకు క్లాసులో మడిచిన చీటీ గుర్తొచ్చింది. "చెప్పనండీ" అన్నాను. ఇంట్లో పెద్ద గొడవే అయింది. రెండు పూటలు అన్నం కూడా సహించలేదు నాకు. గోడ అవతలి నుంచి మాస్టారు గొంతు సవరించుకుని, "జవాబు వచ్చిందన్నమాట" అన్నారు. ఈ ఇంట్లో పూర్తిగా నాదంటూ ఏదైనా ఉందంటే ఆ ఓటొక్కటే, అది ఆయన ఇచ్చింది.

అందుకే ఆయన పోయిన రోజు నాకు ఒళ్లు మండింది. మా వైపు ఒక పద్ధతి ఉంది. మనిషి పోతే వాళ్ల పార్టీ జెండా తెచ్చి మీద కప్పుతారు. మర్యాద అనుకునే చేస్తారు. మాస్టారిని వసారాలో పడుకోబెట్టి గంట కూడా కాలేదు, బస్టాండు వైపు నుంచి జెండా వచ్చింది. తెచ్చింది ఎవరనుకున్నారు, మావారే. అటు బడి వైపు నుంచి ఇంకో జెండా పట్టుకుని అవతలి వర్గం పెద్దమనిషి వచ్చాడు.

"మాస్టారు మావాడు. పొద్దున్నే మా కొట్టులోనే తాగేవాడు" అన్నారు మావారు.

"సాయంత్రం ఎక్కడ తాగేవాడో నీకు తెలీదా ఏంట్రా?" అన్నాడు ఆ పెద్దమనిషి.

బతికుండగా ఎవరికీ చిక్కని మనిషి, నోరు పడిపోయాక చిక్కిపోతాడా? గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "ఆగండి. ఇద్దరూ ఆగండి. ఆయన మోకాళ్లు పట్టేశాక టీ ఎందుకు మానేశారో మీలో ఒక్కరైనా అడిగారా?" అన్నాను. మావారు నావైపు చూసిన చూపు నేను మర్చిపోను. అయినా కదల్లేదు.

అప్పుడు పిన్నిగారు లేచారు. మాస్టారి మీద కప్పిన తెల్ల పంచెని మెడ దాకా సర్ది, ఎడమచెయ్యి మాత్రం బయటికి తీసి గుండె మీద పెట్టారు. చూపుడువేలి మీద సిరా మరక ఇంకా నల్లగానే ఉంది. ఇద్దరి చేత కుర్చీలో మోయించుకుని, మొన్ననే వెళ్లి వేసొచ్చిన ఓటు అది.

"ఈయన కప్పుకోవాల్సింది ఇదేనయ్యా" అన్నారు.

జెండాలు రెండూ మడతల్లోనే ఉండిపోయాయి. పాడె మోసినవాళ్లలో రెండు వర్గాలవాళ్లూ ఉన్నారు. దారిలో బస్టాండు కొట్టూ మూసేశారు, బడి కొట్టూ మూసేశారు. ఆ రాత్రి మావారు అన్నం ముందు కూర్చుని, "నువ్వు ఎవరికి వేశావో నేనింక అడగను" అన్నారు. నేను వడ్డించాను, అంతే.

ఇప్పుడు పొద్దున్నే మిరపకాయల ముందు కూర్చుంటే నా వేలి మీద మరక కనిపిస్తుంటుంది. చర్మం మీద చెరిగిపోయింది, గోటి మీద మాత్రం ఉంది. గోరు పెరిగేకొద్దీ చివరికి జరుగుతోంది. ఆయనా నేనూ ఒకే బూత్‌లో ఒకే సీసాలోంచి వేయించుకున్న సిరా అది. గోళ్లు పెరిగాయి, తొడిమలు తీస్తుంటే అడ్డం పడుతున్నాయి. మిగతావన్నీ కత్తిరించుకున్నాను. ఆ ఒక్కటీ అలాగే ఉంచాను.