బొట్టు తుడిచిన కంప్యూటర్లు

చచ్చిన కంప్యూటరుకూ చెరిపేసిన కంప్యూటరుకూ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. రెండూ నల్లగానే ఉంటాయి. ఆ తేడా తెలియకే ఒక పూటంతా కోసపాళయంలోని మా క్లినిక్కు వెనక గదిలో బుర్ర పట్టుకుని కూర్చున్నాను.

నేను అక్కడ రిసెప్షనిస్టును. వచ్చినవాళ్ళ పేరు కంప్యూటరులో ఎక్కించడం, డాక్టరు గారు రాసిన మందును ఆ పేరు కింద కొట్టడం నా పని. టైపు వచ్చు, అంతే. ఆ డబ్బా లోపల ఏముంటుందో ఏనాడూ పట్టించుకోలేదు. ఆయన నరాల డాక్టరు కాబట్టి మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది బయట తలనొప్పి అని చెప్పుకుని వస్తారు. అసలు సంగతి లోపల తలుపు మూశాక చెబుతారు.

ఆ ఏడు మాకు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. పాతవి వెనక గదిలో చేరాయి. మూలకుళంలో ఒక చిన్నపిల్లల బడి ఉంది. దాని హెడ్ మిస్ట్రెస్ డాక్టరు గారిని కలిసి పాతవాటిని మా పిల్లలకు ఇవ్వండి సార్ అని అడిగింది. ఆయనకు మొహమాటం ఎక్కువ, వెంటనే సరే అన్నారు. అందులో తప్పేమీ నాకు కనిపించలేదు.

ఆ సాయంత్రం మా వీధిలోనే ఉండే టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. ఆమెదీ ఆ బడే. మాలాగే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. చిన్నప్పటి నుంచి ఆమెకు ఫిట్స్. మా డాక్టరు గారి మందుతో కొన్నేళ్ళుగా మళ్ళీ పడిపోలేదు. ఈ సంగతి ఆమె ఇంట్లోవాళ్ళకూ, డాక్టరు గారికీ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అక్కా, ఆ కంప్యూటర్లు మా బడికా పంపిస్తా ఉండారు?"

"అవును. అయితే ఏంది ఇప్పుడు?"

"నా పేరు దాంట్లోనే కదా ఉండాది. మందు పేరు, ఎప్పుడెప్పుడు పడిపోయినానో అంతా ఉండాది. హెడ్ మిస్ వాళ్ళాయనే కదా మా బడిలో కంప్యూటర్ క్లాసు చూసేది. యాడ ఏముందో తవ్వి చూసే మనిషి. పసిపిల్లల్ని ఎత్తుకునే టీచరుకు ఫిట్సా అని ఒక్క దినం కూడా నన్ను పెట్టుకోరు అక్కా."

ఆమె ఉద్యోగం మీదే ఆ ఇల్లు నడుస్తోంది. "చెరిపేస్తాంలే, నువ్వు పోయి అన్నం తిను" అని పంపించాను. అదేదో పలక తుడిచినంత సులువైనట్టు.

మర్నాడు డాక్టరు గారికి చెబితే ఆయన నుదురు కొట్టుకుని కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయిని పిలిపించారు. విల్లుపురం వాడు, తమిళం తప్ప రాదు. నేను ముందే పేర్లన్నీ చెత్తబుట్ట బొమ్మలోకి లాగేసి, దాన్ని కూడా ఖాళీ చేశానని గొప్పగా చెప్పాను. అతను నవ్వాడు. అలా చేస్తే కనిపించకుండా పోతాయి గాని లోపల అట్లాగే ఉంటాయక్కా అన్నాడు. నిజంగా పోవాలంటే డిస్కు మొత్తం మీద ఇంకేదో రాయాలట. రాసే కొద్దీ కిందిది పోతుందట. చెరపమంటే రాస్తానంటాడేమిటి ఈ మనిషి అనుకున్నాను. రెండుసార్లు చెప్పించుకున్నా బుర్రకెక్కలేదు.

ఒక్కో దానికి గంటలు పట్టేది. అప్పటికి ఆయుధపూజ అయిపోయి కొన్ని రోజులే అయింది, కుంకుమ పళ్ళెం ఇంకా బీరువా మీదే ఉంది. చీటీ అంటిస్తే దుమ్ముకు ఊడిపోతోందని అతను పని అయిన డబ్బాకల్లా ముందువైపు కుంకుమ బొట్టు పెట్టాడు. ఇంతలో ఊళ్ళో పెళ్ళి అని బయలుదేరుతూ, బొట్టు ఉన్నవి అయిపోయినట్టు, లేనివి నేను వచ్చి చేస్తాను అన్నాడు. ఇది మాత్రం నాకు బాగా అర్థమైంది. అందుకే ధైర్యంగా ఉన్నాను.

అతను తిరిగి రాకముందే బడివాళ్ళు ఫోన్ చేసి ఇవాళ మధ్యాహ్నం వ్యాన్ పంపిస్తున్నామన్నారు. సరే, బొట్టు ఉన్నవాటిని ఇచ్చేద్దామని వెనక గదిలోకి వెళ్ళాను. డబ్బాలన్నీ తళతళా మెరుస్తున్నాయి. ఒక్కదాని మీదా బొట్టు లేదు. మా క్లినిక్కు ఊడ్చే అవ్వ తడిగుడ్డ పిండుతూ పక్కనే ఉంది.

"అవ్వా, వీటి మీది బొట్లు యాడ పోయినాయి?"

"నేనే తుడిచినా పాపా. బాగా వచ్చినాదా?"

"ఎందుకు తుడిచినావు?"

"బొట్టు పెట్టిన వస్తువును అట్లే బయటికి ఇస్తారా ఎవురన్నా? దాంతో మన లక్ష్మి కూడా ఎల్లిపోతాది. మీ యమ్మ నీకు చెప్పలేదా?"

చెప్పింది. పాత గ్రైండరు అమ్మేసిన రోజు మా అమ్మ దాన్ని కొంగుతో తుడిచాకే గడప దాటనిచ్చింది. నేనైనా అంతే చేసేదాన్ని. ఇక అవ్వను ఏమని తిట్టను?

ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. వెనక మేళం మోగుతోంది. ఆన్ చేసి చూడక్కా అన్నాడు. చేశాను. కొన్నింట్లో మా క్లినిక్కు బొమ్మ వచ్చింది, అవి చెరపనివి. మిగతావి నల్లగా ఉండిపోయాయి. హమ్మయ్య, ఇవి అయినవి అన్నాను. తొందరపడకక్కా, అందులో కొన్ని వానలో తడిసి అంతకుముందే పాడైనవి, పైన చచ్చిపోయినా లోపల డిస్కు బతికే ఉంటుంది అన్నాడు. ఏవి చెరిపినవో, ఏవి పాడైనవో అతనికీ గుర్తు లేదు. చచ్చిందంటాడు, బతికే ఉందంటాడు. టీచరమ్మ పేరు వీటిలో ఎందులో ఉందో, అన్నింటిలోనూ ఉందో, అదీ తెలియదు.

బయట వ్యాన్ హారన్ కొట్టింది. అన్నింట్లోంచీ డిస్కులు ఊడదీసెయ్యక్కా అని ఫోనులో అరిచాడు. ఏది డిస్కో, ఏది కాదో చెప్పించుకుంటూ స్క్రూలు విప్పాను. అవ్వ టార్చి పట్టుకుంది. ఖాళీ డబ్బాలు వ్యాన్ ఎక్కాయి. డిస్కులను పెరట్లో వేసి గడ్డపారతో పొడవబోతే అవ్వ ముందు వాటికి చేతులు జోడించి మొక్కింది. "ఇన్నేండ్లు పూజ చేసినాం కదా" అంది. తరవాత నాకంటే గట్టిగా తనే పొడిచింది.

కంప్యూటర్లు తెరుచుకోవడం లేదని మర్నాడే బడి నుంచి ఫోన్. డాక్టరు గారు సణుక్కుంటూ కొత్త డిస్కులు కొనిపెట్టారు. అది వేరే తంతు.

టీచరమ్మకు చెప్పాను. "అంతా పొడిచేసినాం, పో."

"అయితే నా పేరు ఇంక యాడా లేదు కదా అక్కా?"

"యాడా లేదు" అన్నాను. అన్నప్పుడు నిజమనే అనుకున్నాను. మర్నాడు పొద్దున క్లినిక్కులో కొత్త కంప్యూటరు తెరిచి, ఎందుకో ఆమె పేరు కొట్టి చూశాను. మందుతో సహా అంతా వచ్చింది. రాదా మరి? పాతవాటిలోని పేర్లన్నీ ముందే ఇందులోకి ఎక్కించారు, నా కళ్ళముందే. లేకపోతే డాక్టరు గారు మందు ఎలా ఇస్తారు? ఉండాలి, ఉండకూడదు. నేను ఆమెకు ఏం మాటిచ్చానో నాకే తెలియలేదు. ఆమెకు మాత్రం చెప్పలేదు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఆటోలో ఆమెను తీసుకొచ్చారు. బడిలో పడిపోయిందట. గడ్డం చిట్లింది, చీరంతా మట్టి. లోపల మంచం మీద పడుకోబెట్టారు. వెంట వచ్చిన హెడ్ మిస్ట్రెస్ నా బల్ల మీదికి వంగి తమిళంలో అడిగింది: "ఈమె ఇంతకుముందు ఇక్కడికి వచ్చిందా? కంప్యూటరులో చూసి చెప్పండి."

పేరు కొట్టాను. వచ్చింది. ఆమె ఇంకొంచెం వంగితే కనబడుతుంది. దాని మీద కొత్త పేషెంటు పేజీ తెరిచి, మళ్ళీ అదే పేరు మొదటి నుంచి కొట్టాను.

"లేదు మేడమ్. ఇదే మొదటిసారి" అన్నాను తమిళంలో.

డాక్టరు గారు గుమ్మంలోకి వచ్చి తెలుగులో అడిగారు. "పాత మందు ఎంత ఇస్తా ఉన్నాం?"

హెడ్ మిస్ట్రెస్‌కు మా మాట ఒక్క ముక్క రాదు. నేను తెర వైపు చూడకుండానే తెలుగులో చెప్పాను. ఆయన నన్నొకసారి, ఆమెనొకసారి చూశారు. పేషెంటు సంగతి పేషెంటుతోనే మాట్లాడతాను, మీరు వెళ్ళవచ్చని తమిళంలో ఆమెకు చెప్పారు.

నేను మంచం దగ్గరికి వెళ్ళాను. టీచరమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి. మా మాటలన్నీ వింది.

"చెరిపేసినా అంటివే అక్కా."

"దాని మీద వేరేది రాసినా."

ఆమెకు అర్థమైనట్టు లేదు. నాకూ పూర్తిగా కాలేదు. అప్పుడే హెడ్ మిస్ట్రెస్ తలుపులోంచి తల లోపలికి పెట్టి, ఎండలో పొద్దున తినకుండా తిరిగితే ఇంతే అని కసిరింది. రెండు రోజులు పడుకుని సోమవారం బడికి రమ్మంది. టీచరమ్మ నా చెయ్యి పట్టుకుంది, హెడ్ మిస్ట్రెస్ ఎక్కిన ఆటో కదిలిన చప్పుడు వినబడేదాకా వదల్లేదు.