కట్టుడు పండ్ల పెండ్లికొడుకు

ఆ రోజుల్లో ఫోన్లకి బటన్లుండేవి, మనుషులకి ఓపికుండేది, నాకు మాత్రం రెండూ సరిగ్గా పనిచేసేవి కావు. బెంగళూరులో పుట్టి పెరిగి, హిందూపురంలో సిమ్ కార్డులు అమ్మే కంపెనీలో ఉద్యోగం దొరికి, పెనుకొండలో మా అవ్వ దగ్గర దిగాను. ఊళ్లో టవర్ అందేది మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన ఒక్కచోటే. నేను ఇంట్లో ఉన్నంతసేపూ అక్కడే, ఫోన్ ఆకాశానికి చూపిస్తూ. కింద నుంచి అవ్వ, "ఏమిరా, వానకి మొక్కుతాండావా?" అని అరిచేది. ఇంక నా పండ్ల సంగతి. ముందర నాలుగు పండ్లు సీజన్లో ఆర్టీసీ బస్సు ఎక్కేవాళ్లలాగా ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండేవి. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాణ్ణి. జోకు నచ్చకపోతే మాత్రం చెయ్యి తీసి కొట్టడానికి పోయేవాణ్ణి.

ఇట్లా ఉండగా సాయంత్రం ప్యాసింజర్లో ఒక అమ్మాయి పరిచయమైంది. హిందూపురంలో బీఎడ్, ఇల్లు ధర్మవరంలో. ఆమె నవ్విందంటే బోగీలో అటు చివర పడుకున్నవాళ్లు లేచి కూర్చునేవాళ్లు. రెండు నెలల్లో మా మెసేజీలు ఎంత దూరం పోయాయంటే, "మీ అవ్వని మా ఇంటికి పంపించు" అనేదాకా. సరిగ్గా అప్పుడే నాకు భయం పట్టుకుంది. ఈ పిల్ల నా చేతికి పైన కండ్లు, కింద గడ్డం మాత్రమే చూసింది. మధ్యలో ఉన్నది చూస్తే?

బెంగళూరులో పండ్ల డాక్టర్ రెండు దారులు చెప్పాడు. ఒకటి తీగలు. పంటి పంటికీ ఇనుప ముక్క అంటించి, తీగ బిగించి లాగుతారు. రెండోది క్లియర్ అలైనర్లు. గాజులాగా పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ తొడుగులు. కొన్నాళ్లకొకటి మార్చుకుంటూ పోతే పండ్లు వాటంతటవే లైన్లోకొస్తాయి. "తినేటప్పుడు తీసెయ్యాలి, మిగతా టైమంతా పెట్టుకునే ఉండాలి. నీకంత శ్రద్ధ ఉందా?" అన్నాడు. నాకు శ్రద్ధ లేదంటాడా అని కోపమొచ్చింది. పైగా పెండ్లిచూపులకి నోట్లో గేటు పెట్టుకుని పోతానా? ప్లాస్టిక్కే అన్నాను. ఎవరికీ తెలియదు కదా! (ఎవరికీ అంటే ఎవరికీ. నా లెక్కలో మా అవ్వ లేదు.)

మా అవ్వకి కట్టుడు పండ్లు. పడుకునేముందు తీసి స్టీలు గ్లాసులో నీళ్లలో వేసేది. నేనూ తినేముందు నా తొడుగు తీసి ఇంకో గ్లాసులో వేసేవాణ్ణి. ఒకరోజు ఆమె రెండు గ్లాసుల్లోకీ తొంగి చూసి, నా తల నిమిరి, "దాచుకునేదేముండాది లేరా? మీ తాతకీ ఇట్లనే వయసులోనే రాలిపోయినాయి" అంది. నేను ట్యాంకు దగ్గరికి పోయే తొందరలో, ఊ అన్నాను. అంతే. ఆమె జాలి వీధి కొళాయి దగ్గర మొదలై, పెనుకొండ దాటి, చీరలు నేసే బంధువుల ద్వారా ధర్మవరం చేరింది. నా మెసేజ్ కన్నా ముందు చేరింది. దానికి టవర్ అక్కర్లేదు కదా!

పెండ్లిచూపులకి అవ్వా, నేనూ ధర్మవరం పోయాం. కొత్తగా కనపడాలని పొద్దున్నే కొత్త తొడుగు కూడా మార్చాను. (కొత్తది పెట్టిన రోజు పండ్లన్నీ పుండులాగా సలుపుతాయి. ఆ తెలివి ఉంటే నేను నేనెందుకవుతాను?) కూర్చోగానే అమ్మాయి తాత నా ముందుకి నిప్పట్ల పళ్లెం తోశాడు. బియ్యప్పిండిలో శెనక్కాయలేసి నూనెలో కరకరా కాల్చిన, ఇటుకలాంటి నిప్పట్లు.

"తినప్పా."

"ఆకలిగా లేదండీ."

"ఒగటి కొరుకు. ఊరికే, చూస్తాం."

చూస్తాం అంటాడేంటి? తలెత్తితే ఇంటిల్లిపాదీ నా నోటి వైపే చూస్తున్నారు. అమ్మాయి అమ్మ మెల్లగా, "బలవంతం చేయొద్దు మామా. ఏమి నాయనా, మెత్తగా రవ్వ పాయసం చేసుకొద్దునా?" అంది. మా అవ్వ వెంటనే అందుకుంది. "మా వానికి పాయసమైతే బాగా దిగుతుందమ్మా. నా మాదిరే."

అప్పుడు అర్థమైంది నాకు. చెవుల్లోంచి పొగ వచ్చింది. "నాకు కట్టుడు పండ్లని ఎవరు చెప్పారు? ఇవిగో, చూసుకోండి!" అని నోట్లో వేళ్లు పెట్టి, తొడుగు టప్పుమని పీకి, నిప్పట్ల పక్కన పెట్టేశాను.

అమ్మాయి అవ్వ గుండె మీద చెయ్యి వేసుకుని, "అయ్యో, ఊడొచ్చె!" అంది. తర్వాత పళ్లెంలోకి చూసింది. నా నోట్లోకి చూసింది. మళ్లీ పళ్లెంలోకి చూసింది. "ఏమబ్బా ఇది! పండ్లు బయటా ఉండాయి, లోపలా ఉండాయి. ఎన్ని సెట్లు ఈ పిల్లోనికి?"

సొంతవే అని నిరూపించడానికి ఒక నిప్పట్టు తీసి గట్టిగా కొరికాను. సలుపు నడినెత్తికి ఎక్కింది. కండ్లలోంచి నీళ్లు ధారగా కారాయి. "పాపం, ఏడుస్తాండాడు" అన్నాడు తాత. తలుపు వెనక నుంచి ఆ నవ్వు వినపడింది, ప్యాసింజర్ బోగీ మొత్తాన్ని లేపే నవ్వు. నాకూ ఆగలేదు. నోట్లో నిప్పట్టు, కండ్లలో నీళ్లు, చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయి నవ్వాను. ఆమె తలుపు పక్కకొచ్చి ఆ నాలుగు పండ్లనీ తీరిగ్గా చూసింది.

ఈలోగా వాళ్ల అవ్వ మర్యాదగా నా తొడుగు తీసుకుపోయి, "కడక్కుండా నోట్లో పెట్టుకోకూడదు నాయనా" అని సలసలా కాగే నీళ్లలో కడిగి తెచ్చింది. అది ఎండిన మిరపకాయలాగా ముడుచుకుపోయి ఉంది.

ఇంటికొచ్చి ట్యాంకు పక్కన నిలబడ్డాను. సంబంధం పోయిందనే అనుకున్నాను. చీకటి పడే వేళకి మెసేజ్ వచ్చింది. "మా ఇంట్లో సరే అన్నారు. నోట్లో ఉండేది తీసి పళ్లెంలో పెట్టినోడు ఇంకేం దాస్తాడులే అనె మా తాత. నువ్వు రోజూ చెయ్యి అడ్డం పెట్టుకుంటాంటే నాకే నోటి వాసనేమో అనుకున్నా."

ముడుచుకున్న తొడుగు డాక్టర్ ముందు పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నీలాంటివాళ్లకి తీయడానికి రానిదే పెట్టాలి" అని తీగలు బిగించాడు. పెండ్లిలో ఫోటోగ్రాఫర్ నా మొహం మీదే, "అన్నా, కొంచెం నోరు మూసుకో, ఫ్లాష్ తిరిగి నాకే కొడతాంది" అన్నాడు. ఇంకో రోజైతే కెమెరా పగిలేది.

ఆ ఫోటో ఇప్పుడు నా ఫోన్లో ఉంది. ఏ గొడవ మధ్యలోనైనా ఒకసారి తెరిచి చూస్తాను. నోటి నిండా ఇనుము పెట్టుకుని, పక్కనున్న పిల్లని చూసి పగలబడి నవ్వుతున్నాడొకడు. పండ్లు ఎప్పుడో తిన్నగా అయ్యాయి. అంత నోరు తెరిచి నవ్వడమే ఈమధ్య తగ్గింది. వాణ్ణి చూస్తే కొంచెం కుళ్లుగానే ఉంటుంది, వెధవని.