వంతెన దాటిన దీపం

ఆ రోజుల్లో జువ్వలదిన్నెలో మా అక్క దీపం గురించి తెలియనివాళ్ళు లేరు. నెల్లూరులో పెన్నలో వదిలితే రైలు వంతెన కూడా దాటిపోయిందని అక్క చెప్పేది, ఊరు నమ్మేది. ఆ దీపం వంతెన దాటలేదు. అసలు పెన్నలోకే దిగలేదు. ఈ సంగతి తెలిసింది నాకూ, ఒక బజ్జీల బండి భాయ్‌కీ మాత్రమే. ఆయన ఏనాడో మరిచిపోయి ఉంటాడు. నేను మరిచిపోలేదు, ఇన్నేళ్ళూ చెప్పనూ లేదు.

మా బావ సముద్రం మీద వేటకు వెళ్ళే మనిషి. పెళ్ళైన కొత్తలో అక్క ఆయన క్షేమం కోరి, కార్తీకమాసంలో అరటి దొప్పలో దీపం పెట్టి సముద్రంలో వదిలింది. అల దాన్ని తిరగేసి తెచ్చి ఆమె కాళ్ళ దగ్గరే పడేసింది. మళ్ళీ వెలిగించింది, మళ్ళీ అదే వరస. ఇక అక్కకు అన్నం సయించలేదు. "దీపమే తిరగబడె, ఇంక పడవ సంగతేందిరా?" అని ఒకటే ఏడుపు. నేనప్పుడు నెల్లూరులో చెప్పుల షాపులో కొత్తగా చేరినవాణ్ణి. ఊరికి వెళ్ళినప్పుడల్లా పట్నం గొప్పలు చెప్పడం నా పని (జీతం తప్ప అన్నీ చెప్పేవాణ్ణి). "నదిలో అలలుండవక్కా. పెన్న గట్టు మీద కొత్తగా లైట్లు, బెంచీలు పెట్టినారు. మెట్ల కాడ వదిలితే నేరుగా పోద్ది. నేను తీసుకపోతా పా" అన్నాను. రోజూ సాయంత్రం అక్కడే షికారు చేస్తానని కూడా అన్నాను. నిజానికి ఆ గట్టు నేనెప్పుడూ తొక్కలేదు. ఒకసారి వరద రోజుల్లో, బిట్రగుంటలో రైలెక్కి వస్తూ కిటికీలోంచి పెన్నను చూశాను. బస్సులోనైతే ఎక్కగానే నిద్రపోయేవాణ్ణి. దానితో నా పరిచయం అంతే.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. అక్క అప్పుడు కడుపుతో ఉంది. బయటికేమీ కనపడనంత కిక్కిరిసిన బస్సు ఆలస్యమై, మేం గట్టు చేరేసరికి మసక చీకటి పడింది. కడుపుతో ఉన్నవాళ్ళు ఏట్లో దిగకూడదంటారు గనక అక్కను బెంచీ మీద కూర్చోబెట్టి, వెలిగించిన దీపం నేను పుచ్చుకుని ఏటికి అడ్డంగా పెరిగిన తుమ్మచెట్ల పక్కగా మెట్లు దిగాను. ఆఖరి మెట్టు దిగి కాలు పెడితే ఇసుక. ఇంకాస్త ముందుకు వెళ్ళాను, ఇసుక. కళ్ళు చిట్లించి చూస్తే అవతలి గట్టు దాకా ఇసుకే. మధ్యలో కుర్రాళ్ళు క్రికెట్ ముగించి వికెట్లు పీకుతున్నారు. నది అన్నాక నీళ్ళు లేకుండా ఉంటుందని నాకెవరూ చెప్పలేదే!

పైనుంచి అక్క కేక వేసింది. "రేయ్ అబ్బయ్యా, నీళ్ళ చప్పుడే వినపడదేందిరా?"

"నదక్కా ఇది! సముద్రం మాదిరి అరుస్తాదా?"

పుట్టినప్పటి నుంచీ అలల హోరు వింటూ పెరిగిన మనిషి, నమ్మేసింది. దీపం ఆర్పి పారేద్దామంటే నాకు చెయ్యి రాలేదు. మెట్ల కింద బజ్జీల బండి, దాని పక్కన బకెట్ కనిపించాయి. వంగి దీపాన్ని అందులో వదిలాను.

"ఓయ్! ఏంది తమ్ముడూ, ప్లేట్లు కడిగే బకెట్లో దీపమా?" బండి భాయ్ గరిటె గాల్లోనే పట్టుకుని నిలబడిపోయాడు.

"మెల్లగా భాయ్, పైన మా అక్కుంది. బావ సముద్రం మీద పోతాడు. ఆయన కోసం మొక్కు."

ఆయన నన్నూ, ఎండిన పెన్ననూ మార్చి మార్చి చూశాడు. "మొక్కైతే ఎంగిలి నీళ్ళల్లో పెడతారా? ఇట్టా తే" అని తాగే నీళ్ళ బకెట్ ముందుకు జరిపాడు. దీపం అందులో ఒక చుట్టు తిరిగి బుద్ధిగా నిలబడింది.

పైకి రాగానే అక్క "ఎందాక పోయిందిరా?" అంది. నా నోరు నా మాట వినలేదు. "రైలు వంతెన దాటింది" అన్నాను. ఎన్నాళ్ళకో ఆ సాయంత్రం అక్క ఆకలిగా తింది (ఆ భాయ్ బజ్జీలే, నేనే పైకి తెచ్చాను).

నా శిక్ష ఆ తర్వాత మొదలైంది. తుఫాను హెచ్చరిక వస్తే ఊరంతా ఒడ్డున నిలబడేది, అక్క ఇంట్లో చేపల పులుసు కాచేది. "నా దీపం వంతెన దాటిందమ్మా, ఈయనకేం గాదు" అనేది. ఒకసారి బావ పడవ చెప్పిన వేళకు రాలేదు. కబురు విని పరుగున వెళ్ళాను. అందరూ ఏడుస్తుంటే అక్క నా ముందు కంచం పెట్టి, "తినరా, వచ్చేస్తాడు" అంది. ఒక్క ముద్ద దిగితే ఒట్టు. మర్నాడు బావ క్షేమంగా వచ్చాడు. అప్పుడే చెప్పేద్దామనుకున్నాను. మళ్ళీ పడవెక్కుతాడు కదా అని మింగేశాను. అట్లా మింగుతూనే జుట్టు నెరిసింది.

ఈ ఏడు బావ మోకాళ్ళ నొప్పులకు వేట మానేశాడు. కార్తీకంలో ఇద్దరినీ మళ్ళీ ఆ గట్టుకే తీసుకొచ్చాను. ఇప్పుడక్కడ నడకదారి, రంగుల లైట్లు, సెల్ఫీలు. పెన్న మెట్లు తడుపుతూ నిండుగా పారుతోంది. అక్క మురిసిపోయి, "అప్పుడు గూడా ఇట్నే ఉండిందా?" అంది. ఇక ఆగలేక అంతా చెప్పేశాను, బకెట్‌తో సహా.

"అంటే... బకెట్లో దీపాన్ని నమ్ముకొనా ఈ మనిషిని ఇన్నేళ్ళూ సముద్రం మీదకి పంపించినాను! తుఫానుల్లో కంటినిండా నిద్రపోయినానే!" అంటూ అక్క, ఆయన ఆ క్షణాన పడవెక్కబోతున్నట్టు బావ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తప్పయిందక్కా. నీకూ, బావకూ."

బావ "తాగే నీళ్ళ బకెట్టే గదా?" అన్నాడు. అవునన్నాను. "అయితే మేలే" అన్నాడు.

అక్క దీపం వెలిగించి, తానే మెట్లు దిగి నీళ్ళలో వదిలింది. అది కాస్త దూరం పోయి, గాలికి రెపరెపలాడి ఆరిపోయింది. అక్కకు ఇప్పుడు చూపు అంతగా ఆనదు. చెయ్యి అడ్డం పెట్టుకుని నదివైపు చూస్తూ అడిగింది. "ఎందాక పోయిందిరా?"

వంతెన ఎదురుగానే ఉంది. నా నోటికి ఆ మాట కొత్త కూడా కాదు.

"ఇక్కడే ఆరిపోయిందక్కా" అన్నాను.

"ఆఁ. అట్టా చెప్పు" అని, మెట్లెక్కడానికి నా భుజం మీద చెయ్యి వేసింది.