ఊక లేని ఐసు పెట్టె

మశూచి టీకా మందును పల్లెలకు పంపే నెల్లూరు గోదాములో నేను నౌకరుని. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ముందు వచ్చిన మందు ముందు పోవాలి గనక, వచ్చిన వరుసను బట్టి పెట్టెలకు తాటినారతో ముడులు వేసేవాణ్ని.

ఆ ఏడు కొత్త గుమాస్తా వచ్చాడు, నాకంటే పదేళ్లు చిన్న. నా ముడులన్నీ కోసి పారేశాడు. “ఇవెందుకన్నా, తేదీ పెట్టె మీదనే ఉండాది గదా” అన్నాడు. అప్పటినుంచి గోదాము చూసే డాక్టరు గారు ఏం కావాలన్నా అతణ్నే పిలిచేవారు. అతణ్ని చూస్తే నాకు కుళ్లుగా ఉండేది.

ఒకరోజు జువ్వలదిన్నెలో అమ్మవారు పోసిందని కబురొచ్చింది. గుమాస్తా మందు సీసాలను ఐసు మధ్య సర్ది మూత వేశాడు. చుట్టూ వడ్ల ఊక కూరకపోతే దారిలోనే ఐసు కరిగి మందు పాడవుతుందని నాకు తెలుసు. చదువుకున్నవాడు గదా, చూద్దామని నోరు మెదపలేదు.

సాయంత్రానికి పెట్టె నీళ్లతో తిరిగొచ్చింది. “పిల్లోళ్లు చేతులు చాపి నిలబడినారు. ఉత్త చేతులతో పంపించినా” అన్నాడు టీకాలు వేసే ఆయన.

గుమాస్తా తప్పు తనదేనని డాక్టరు గారితో చెప్పి, నా దగ్గరకొచ్చాడు. “నాకు తెలీదన్నా. ఎట్ట సర్దాలో చూపించు. పొద్దున్నే ఇంకో పెట్టె పోవాల.”

చూపించాను. తెలిసే ఊరుకున్నానని మాత్రం చెప్పలేదు. తెలీదని అంత తేలిగ్గా అనగలిగినందుకు అతణ్ని చూసి ఇంకా కుళ్లుకున్నాను. “ఈ అక్షరం ఏంది?” అని అతణ్ని అడగడానికి నాకు మరో రెండేళ్లు పట్టింది.