పూసల దారం

ఉద్యమం జోరుమీదున్న రోజుల్లో నేను కోరుట్ల నుంచి జగిత్యాలకు వెళ్లి డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. చెప్పేదాన్ని అనడమే గాని, ఒకరోజు బంద్, మరునాడు రాస్తారోకో, ఆపైన నడిరోడ్డు మీద వంటావార్పు. తెలంగాణ నాకూ కావాలి, ఆ రోడ్డు మీద కూర్చుని అన్నం తిన్నదాన్నే. కానీ ఆటోలు మారి మారి కాలేజీకి చేరితే క్లాసులో బెంచీలే కనిపించేవి. ప్రాణం ఉసూరుమనేది. సిలబస్ మాత్రం నా నెత్తిమీదే ఉండేది.

ఆర్‌ఎన్‌ఏ పాఠం కూడా అట్లాగే అరకొరగా సాగింది. డీఎన్‌ఏ జంట పోగు. ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా ఒంటి పోగే, అందుకని తన జతను తనలోనే వెతుక్కుంటుంది. దానిలోని నాలుగు అక్షరాల్లో 'ఏ'కి 'యూ', 'జీ'కి 'సీ' జత. జతలు కుదిరినచోట పోగు తనమీద తనే మడతపడుతుంది, మలుపు దగ్గర జతలేని భాగం ఉంగరంలా మిగులుతుంది. ఆ ఆకారం కుదిరితేనే చాలా ఆర్‌ఎన్‌ఏలు పనిచేస్తాయి. ఇది చూపించడానికి నాలుగు రంగుల పూసలు గుచ్చి ఒక దారం తయారుచేశాను.

సిరిసిల్ల నుంచి ఒకమ్మాయి, హాస్టల్ మూసేసినా సరే, బస్సు నడిచిన ప్రతిరోజూ వచ్చేది. వాళ్లింట్లో మరమగ్గాలున్నాయి, సాంచాలంటారు వాళ్లు; ఖాళీ దొరికితే కండెలకు నూలు చుట్టేది. దారం మడత చక్కగా పెట్టేది. పెట్టిన మరుక్షణమే వేళ్లతో లాగి సాఫు చేసేసేది.

"ఎందుకే అట్ల?" అంటే నాలుక కరుచుకుంది. "మా ఇంట్ల పోగు మెలివడితే సాంచ ఆగుతది మేడం. చూస్తె చెయ్యి ఊకోదు."

వాయిదాల మీద వాయిదాలు పడి చివరికి ప్రాక్టికల్స్ వచ్చాయి. "గీసారి తప్పితే సదువు బందేనంటున్నడు మా బాపు," అని ఆ పొద్దున్నే చెప్పింది. ఆమె వేళ్ల అలవాటు గుర్తొచ్చి నాకు భయమేసింది.

బయటి ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆమెకు ఆ దారమే ఇచ్చాడు. మడత పెట్టింది. ఆయన పక్క బల్ల నుంచి తిరిగేలోపు చెయ్యి తన పని తాను చేసేసింది. బల్లమీద తిన్నగా సాగిన దారం.

"ఏందమ్మా, ఏం రాదా?"

"పెట్టింది సార్, నేను చూసిన," అన్నాను.

"మీరు చూసుడు కాదు మేడం, నేను చూడాలె. మళ్ల పెట్టు."

ఆమె పూసకు పూస జతచేసి మళ్లీ మడత పెట్టింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని నిలబడింది. ఆయన వంగి చూస్తున్నంతసేపూ ఆ వేళ్లు పెనుగులాడుతూనే ఉన్నాయి.

ఆయన తలూపి, మార్కులేసి వెళ్లిపోయాడు. ఆమె చేతులు ముందుకు రాలేదు. నేనే దారం తీసి డబ్బాలో వేసి మూత పెట్టాను.

"అయిపోయింది, ఇగ చేతులిడువు బిడ్డా," అన్నాను.